హెర్బీ హాన్‌కాక్‌ సంకలనం: ఏది తీసుకోవాలి, నిడివి ఎందుకు చూసుకోవాలి, చెవి ఎక్కడ పెట్టాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమెరికన్ జాజ్ పియానిస్టు హెర్బీ హాన్‌కాక్‌ సంగీతం మొత్తాన్ని ఒక్కచోట చూపే సంకలనం ఏది? ఒక పాటలో పియానో, ఇంకోదాంట్లో సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు), మరోదాంట్లో రికార్డు గీకుతున్న చప్పుడు, అన్నీ ఒకే మనిషివంటే నమ్మబుద్ధి కావడం లేదు, దీన్ని ఎలా వినాలి? కీబోర్డు కొంత వచ్చు కాబట్టి వాయించుకోవడానికి అందులో ఏమైనా దొరుకుతుందా?

ఒక్కటే కొనాలంటే 2006లో కొలంబియా/లెగసీ తెచ్చిన రెండు డిస్కుల ‘ది ఎసెన్షియల్ హెర్బీ హాన్‌కాక్‌’ తీసుకోండి. అందులో పాటల ఎంపిక అద్భుతమని కాదు. బ్లూ నోట్, వార్నర్, కొలంబియా, వెర్వ్ అంటూ ఆయన మారిన కంపెనీల గోడలు దాటి పాటలను ఒకచోటికి తెచ్చిన సెట్ అది. మిగతా ‘బెస్ట్ ఆఫ్’లు చాలావరకు ఏ కంపెనీ వేస్తే ఆ కంపెనీ గోదాములో ఉన్న సరుకే. అయితే దీన్ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఏకబిగిన వినే ఆల్బమ్‌లా వాడితే మీకు కలిగిన గందరగోళమే మళ్లీ కలుగుతుంది. విషయసూచికలా వాడండి: ఒక పాట నచ్చితే అక్కడ ఆగి, అది వచ్చిన అసలు ఆల్బమ్‌కి వెళ్లండి.

కంపెనీల లెక్క తెలిస్తే ఏ సంకలనం చేతికొచ్చినా వెనక అట్ట చూసి నిమిషంలో అంచనా వేయొచ్చు. 1962 నుంచి 1969 వరకు బ్లూ నోట్. 1969 నుంచి 1972 వరకు వార్నర్, మూడే ఆల్బమ్‌లు. 1973లో ‘సెక్స్‌టంట్’తో మొదలై 1988లో ‘పర్ఫెక్ట్ మెషీన్’ దాకా కొలంబియా. ఆ తర్వాతి ముఖ్యమైన పని చాలావరకు వెర్వ్‌లో ఉంది. అట్ట మీద ‘కమీలియన్’, ‘రాకిట్’ ఉండి 1965 నాటి ‘మెయిడెన్ వాయేజ్’ లేకపోతే అది కొలంబియా సరుకు. ‘మెయిడెన్ వాయేజ్’ ఉందని మురిసిపోకండి, సంవత్సరం చూడండి. ఆ పాటను ఆయన కొలంబియాలో ఉండగా చాలాసార్లు మళ్లీ వాయించారు: 1974లో జపాన్ ఆల్బమ్ ‘డెడికేషన్’లో ఒంటరి పియానో మీద, 1976లో వి.ఎస్.ఓ.పి. కచేరీలో (దాని సంగతి చివర్లో), 1978లో చిక్ కొరియాతో జంట పియానోల మీద. అన్నీ వినదగ్గవే. కానీ ఫ్రెడ్డీ హబ్బర్డ్ ట్రంపెట్, జార్జ్ కోల్‌మన్ శాక్సఫోన్, రాన్ కార్టర్ బేస్, టోనీ విలియమ్స్ డ్రమ్స్‌తో 1965 మార్చిలో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో చేసిన మొదటిది వినకుండా వాటి దగ్గరికి వెళ్తే ఏం మార్చారో తెలియదు.

‘వాటర్‌మెలన్ మ్యాన్’ విషయంలోనూ ఇదే చిక్కు. 1962 ‘టేకిన్ ఆఫ్’లోది ఏడు నిమిషాల పైచిలుకు, ‘హెడ్ హంటర్స్’లోది ఆరున్నర నిమిషాలు. ‘టేకిన్ ఆఫ్’ సీడీల్లో ఇదే పాట ఇంకో టేక్ చివర అదనంగా ఉంటుంది. స్ట్రీమింగ్‌లో పేరు కొట్టి వెతికితే ఒక్కోసారి అదే ముందు తగులుతుంది.

ఒక్కో కాలానికీ విడిగా మంచి సెట్లు ఉన్నాయి. బ్లూ నోట్ కాలానికి 1998లో వచ్చిన ఆరు డిస్కుల ‘ది కంప్లీట్ బ్లూ నోట్ సిక్స్టీస్ సెషన్స్’. వార్నర్‌లోని మూడు ఆల్బమ్‌లనూ రెండు డిస్కుల్లో పెట్టిన 1994 నాటి ‘మ్వాండిషి: ది కంప్లీట్ వార్నర్ బ్రదర్స్ రికార్డింగ్స్’. కొలంబియాకు రెండు దారులు: 2002లో నాలుగు డిస్కులతో వచ్చిన ‘ది హెర్బీ హాన్‌కాక్‌ బాక్స్’, 2013లో 34 డిస్కులతో వచ్చిన ‘ది కంప్లీట్ కొలంబియా ఆల్బమ్ కలెక్షన్ 1972–1988’. నాలుగు డిస్కుల పెట్టెలో ఒక తెలివైన పని చేశారు. కాలక్రమాన్ని పక్కనబెట్టి మొదటి రెండు డిస్కుల్లో అకూస్టిక్ (కరెంటు వాద్యాలు లేని), తర్వాతి రెండింట్లో ఎలక్ట్రిక్ సంగీతం పెట్టారు. ఫంక్ ఆల్బమ్‌లు అమ్ముడవుతున్న రోజుల్లోనే ఆయన పక్కన అకూస్టిక్ పియానో ఏ స్థాయిలో వాయిస్తున్నారో దానివల్ల తెలుస్తుంది. కానీ 1973కి ముందు సంగతి అందులో వెతక్కండి.

ఇక నిడివి. ఒక సీడీలో పట్టేది 80 నిమిషాలు, రెండు కలిపి 160. ‘క్రాసింగ్స్’ ఆల్బమ్‌లోని ‘స్లీపింగ్ జెయంట్’ ఒక్కటే 25 నిమిషాలకు దగ్గర. ‘సెక్స్‌టంట్’లోని ‘హార్నెట్స్’ 20 నిమిషాలకు దగ్గర. ‘కమీలియన్’ 15 నిమిషాల 41 సెకన్లు. ఈ మూడింటినీ పూర్తిగా పెడితే గంట అయిపోతుంది, నాలుగు దశాబ్దాల మిగతా పనికి వంద నిమిషాలు మిగులుతాయి. అందుకే సంకలనం చేసేవాళ్లు పొడవాటివి వదిలేస్తారు, లేదా కత్తిరిస్తారు. ఫలితంగా 1970–73 మధ్య నడిచిన మ్వాండిషి బృందం, ఆయన పనిలో అన్నిటికన్నా సాహసం ఉన్న భాగం, ప్రతి సంకలనంలోనూ నామమాత్రంగా మిగులుతుంది. సంపాదకులకు అభిరుచి లేక కాదు, డిస్కులో చోటు లేక.

కత్తిరింపు పట్టుకోవడానికి ఈ నిడివులు దగ్గర పెట్టుకోండి. ‘కాంటలూప్ ఐలాండ్’ ఐదున్నర నిమిషాలు, ‘మెయిడెన్ వాయేజ్’ ఎనిమిదికి కాస్త తక్కువ, ‘యాక్చువల్ ప్రూఫ్’ తొమ్మిదిన్నర పైన, ‘బటర్‌ఫ్లై’ పదకొండు పైన, ‘ఐ థాట్ ఇట్ వాజ్ యూ’ తొమ్మిదికి దగ్గర, ‘రాకిట్’ ఐదున్నరకు దగ్గర. మీ సంకలనంలో వీటిలో ఏదైనా మూడు నాలుగు నిమిషాలే ఉంటే అది రేడియో సింగిల్. ‘రాకిట్’కు సింగిల్ అయినా పెద్ద నష్టం లేదు, అది మొదటినుంచీ ముక్కలు పేర్చి కట్టిన పాట. ‘కమీలియన్’ సింగిల్ మాత్రం వద్దు.

ఎందుకంటే ‘కమీలియన్’ ఒక పాట కాదు, ఒకే కప్పు కింద రెండు. మొదలయ్యేది బేస్ ఒక్కటే. అది బేస్ గిటార్ కాదు, హాన్‌కాక్‌ ఆర్ప్ ఒడిస్సీ సింథ్ మీద వాయించినది. ఇక్కడే కొత్తవాళ్లు తాళం తప్పుతారు. ఆ వరస మొదటి బీట్ మీద మొదలవ్వదు. దానికి ముందే అర స్వరాలుగా మెట్లెక్కుతూ వచ్చి, బి ఫ్లాట్ దగ్గర మొదటి బీట్‌ను పట్టుకుంటుంది. హార్వీ మేసన్ డ్రమ్స్ వచ్చేదాకా ఎక్కుతున్న స్వరాలనే ‘ఒకటి’ అనుకుని లెక్కపెడితే, డ్రమ్స్ రాగానే అంతా తలకిందులవుతుంది. తర్వాత గిటార్ లాంటి టకటక చప్పుడు వినిపిస్తుంది. ఈ పాట ఉన్న ‘హెడ్ హంటర్స్’ ఆల్బమ్‌లో గిటారే లేదు. ఒకవైపు హాన్‌కాక్‌ హోనర్ క్లావినెట్, ఇంకోవైపు పాల్ జాక్సన్ తన బేస్ గిటార్ పై స్థాయిలో వాయించే ముక్కలు. బెన్నీ మాపిన్ శాక్సఫోన్ పల్లవిలాంటి ట్యూన్ అందుకుంటుంది, ఆ తర్వాత ఒడిస్సీ మీద సోలో. ఏడున్నర నిమిషాలు దాటాక నేల మారిపోతుంది: బేస్ వరస వేరు, డ్రమ్స్ విరుపు వేరు, ముందుకొచ్చే వాద్యం ఫెండర్ రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో. ఆయన జాజ్ పియానిస్టుగా పూర్తిగా విప్పారేది ఈ రెండో భాగంలోనే. చివర్లో మొదటి వరస తిరిగొస్తుంది. మూడు నిమిషాల సింగిల్‌లో ఈ రెండో భాగం మొత్తం ఎగిరిపోతుంది. అది మాత్రమే విన్నవాళ్లు “ఇది జాజ్ ఎలా అవుతుంది” అని అడగడంలో తప్పులేదు.

ఒకే మనిషి వాయించినట్టు లేదన్న మాటకు వద్దాం. మీరు వాద్యాన్ని వింటున్నారు కాబట్టి అలా అనిపిస్తోంది. వాద్యాన్ని వదిలి, పాట కింద పదేపదే తిరిగే చిన్న వరసను వినండి. సంగీతకారులు వ్యాంప్ అంటారు. 1962 ‘వాటర్‌మెలన్ మ్యాన్’ కింద పియానో ఎడమ చెయ్యి తిప్పే వరస ఉంది. షికాగో వీధుల్లో పుచ్చకాయల బండి చక్రాల చప్పుడు లోంచి ఆ లయ వచ్చిందని ఆయనే చెప్పుకున్నారు. 1964 ‘కాంటలూప్ ఐలాండ్’ మొత్తం పియానో వ్యాంప్ మీదే నిలబడింది. ‘మెయిడెన్ వాయేజ్’లో ఆగి ఆగి పడే లయ ఒక్కటే మొదటినుంచి చివరిదాకా ఉంటుంది, దాని మీద కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) మారుతుంటాయి. 1971 ‘ఆస్టినాటో’కి పేరే అది, ఆగకుండా తిరిగే వరస అని. ‘కమీలియన్’ చూశాం. 1983 ‘రాకిట్’లో ఆ పని డ్రమ్ మెషీన్‌కూ సింథ్‌కూ అప్పగించారు, పైన నడిచే ట్యూన్ మాత్రం పియానిస్టు చేతిదే. ఈ ఆరు పాటలనూ ఇదే వరసలో ఒక ప్లేలిస్టుగా పెట్టుకుని, ప్రతి పాటలో మొదటి నిమిషం కింది వరసను మాత్రమే పట్టుకుని వినండి. వాద్యాలు మారుతుంటాయి, కట్టే పద్ధతి మారదు.

రెండో గుర్తు, వాయించకుండా వదిలేయడం. ఇది ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ దగ్గర గట్టిపడింది. 1963 నుంచి 1968 వరకు ఆయన మైల్స్ రెండో క్వింటెట్‌లో (ఐదుగురి బృందంలో) పియానిస్టు. ‘బటర్ నోట్స్’ వాయించకు అని మైల్స్ అన్నారనీ, కార్డు రంగును ఇట్టే బయటపెట్టే మూడో, ఏడో స్వరాలను తీసేయమని దాన్ని తాను అర్థం చేసుకున్నాననీ హాన్‌కాక్‌ చాలాచోట్ల చెప్పారు. ‘మైల్స్ స్మైల్స్’ ఆల్బమ్‌లో ‘ఆర్బిట్స్’, ‘డొలోరెస్’, ‘జింజర్‌బ్రెడ్ బాయ్’ వినండి. ట్రంపెట్, శాక్సఫోన్ సోలోల కింద పియానో ఉండదు. ఆయన వంతు వచ్చినప్పుడు కుడి చేత్తో ఒంటి వరస వాయించి ఊరుకుంటారు. ‘నెఫర్టిటి’లో ఇంకా తమాషా: వేన్ షార్టర్ రాసిన ట్యూన్‌నే ట్రంపెట్, శాక్సఫోన్ మళ్లీ మళ్లీ ఊదుతుంటే, కింద టోనీ విలియమ్స్, రాన్ కార్టర్, హాన్‌కాక్‌ ముగ్గురూ దాన్ని ప్రతిసారీ కొత్తగా కుదుపుతారు. సోలో ఎక్కడా లేదు. ఇలాంటి పని హాన్‌కాక్‌ పేరు మీద వచ్చే సంకలనంలో సరిగా కనిపించదు, ఎందుకంటే అందులో గొప్పతనమంతా వెనక ఉండి చేసినదే. కాబట్టి ఏ సంకలనం కొన్నా పక్కన ‘మైల్స్ స్మైల్స్’, ‘నెఫర్టిటి’ రెండూ ఉంచుకోవాల్సిందే.

కీబోర్డు మీద ‘మెయిడెన్ వాయేజ్’తో మొదలుపెట్టండి. 32 బార్ల పాట (ఒక్కో బారు నాలుగు బీట్లు), ఎ-ఎ-బి-ఎ కట్టుబడి, ఒక్కో కార్డు నాలుగు బార్లు. ఎ భాగంలో మొదటి కార్డుకు ఎడమ చేత్తో డి పట్టుకుని, పైన ఎ మైనర్ సెవెన్, అంటే ఎ-సి-ఇ-జి. రెండోదానికి కింద ఎఫ్, పైన సి మైనర్ సెవెన్. బి భాగంలో మొదటి నాలుగు బార్లకు కింద ఇ ఫ్లాట్, పైన బి ఫ్లాట్ మైనర్ సెవెన్. తర్వాత నాలుగు బార్లు సి షార్ప్ మైనర్ సెవెన్. మళ్లీ ఎ. అందరూ చేసే తప్పు ఒకటుంది: మొదటి కార్డును డి సెవెన్ అనుకుని ఎఫ్ షార్ప్ కలుపుతారు. అది కలిపిన క్షణం కార్డు ‘జి’ వైపు లాగుతుంది, ఇంటికెళ్లాలని తొందరపడుతుంది. ఈ పాట తేలుతూ ఉండటానికి కారణమే ఆ మూడో స్వరం లేకపోవడం. రెండో తప్పు, ఆ లయను నాలుగో బారు వచ్చేసరికి నింపేయడం. ఖాళీలను అలాగే వదలండి.

‘కాంటలూప్ ఐలాండ్’ 16 బార్లు: ఎఫ్ మైనర్ నాలుగు, డి ఫ్లాట్ సెవెన్ నాలుగు, డి మైనర్ నాలుగు, మళ్లీ ఎఫ్ మైనర్ నాలుగు. వేళ్లకు తేలిక, లెక్కకు కష్టం. ఎక్కడా ముగింపు వచ్చిందని సూచించే మలుపు ఉండదు కాబట్టి, చివరి నాలుగు ఎఫ్ మైనర్, మళ్లీ మొదటి నాలుగు ఎఫ్ మైనర్ కలిసి ఎనిమిదైనప్పుడు సోలో వాయించేవాళ్లు దారి తప్పుతారు. మొదటి వారం మెట్రోనోమ్ పెట్టుకుని కార్డులు మాత్రమే తిప్పండి.

‘కమీలియన్’ సోలోకి కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు ఒక అడ్డదారి ఉంది. బి ఫ్లాట్ మైనర్ సెవెన్, ఇ ఫ్లాట్ సెవెన్ రెండే కార్డులు. వీటికి సరిపోయే డోరియన్ అనే స్వరశ్రేణి స్వరాలు, బి ఫ్లాట్‌ను షడ్జమంగా పెట్టుకుంటే, అచ్చంగా ఖరహరప్రియ స్వరస్థానాలే. సినిమా పాటలు వాయించే అలవాటుతో మైనర్ అనగానే శుద్ధ ధైవతం, అంటే జి ఫ్లాట్, వేస్తే రెండో కార్డు మీద గీసుకుపోయినట్టు వినిపిస్తుంది. ఇ ఫ్లాట్ సెవెన్‌లో ఉన్నది మామూలు జి, అంటే చతుశ్రుతి ధైవతం. అయితే పోలిక స్వరాల దగ్గర ఆగిపోతుంది. ఖరహరప్రియ గమకాలు ఇక్కడ పెడితే ఫంక్ లయ నలిగిపోతుంది. ఆయన సింథ్ మీద స్వరాన్ని వంచేది చాలా పొదుపుగా, అదీ వాక్యం చివర.

తాళం విషయంలోనూ అదే చనువుతో ‘ఆస్టినాటో’ పట్టుకోవచ్చు. 15 మాత్రల చక్రం, ఎనిమిది, ఏడుగా విరుగుతుంది. ఎనిమిది అక్షరాలు లెక్కపెట్టి వెంటనే మిశ్ర చాపు ఏడు వేస్తే వరుసగా కుదురుతుంది. ‘సెక్స్‌టంట్’లోని ‘హిడెన్ షాడోస్’ 19 బీట్లు, దాన్ని బేస్ వరసను ఆనవాలు పెట్టుకునే లెక్కించాలి, లేకపోతే చేతులెత్తేస్తారు. ఈ రెండు పాటలూ చేసిన బృందమే మ్వాండిషి: ఎడ్డీ హెండర్సన్ ట్రంపెట్, జూలియన్ ప్రీస్టర్ ట్రాంబోన్, బెన్నీ మాపిన్, బస్టర్ విలియమ్స్ బేస్, బిల్లీ హార్ట్ డ్రమ్స్. ‘క్రాసింగ్స్’ నుంచి ప్యాట్రిక్ గ్లీసన్ సింథ్ కూడా తోడైంది. హాన్‌కాక్‌ గ్రిన్నెల్ కాలేజీలో మొదట చేరింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో కాబట్టి, ఈ యంత్రాలంటే ఆయనకు జంకు లేకపోవడం అర్థం చేసుకోవచ్చు. ఈ సంగీతాన్ని పనిచేసుకుంటూ వినకండి, గొడవలా ఉంటుంది. ప్లేయర్‌లో క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర మీదికి ఇంకో పాట ఎక్కించే సదుపాయం) సున్నా చేసి, ఒక్కసారికి ఒక్క పాట చాలు.

జపాన్ గురించి విడిగా చెప్పాలి, సంకలనాల్లో ఎక్కువగా జారిపోయేది అదే. కొలంబియాలో ఉండగా ఆయన జపాన్ మార్కెట్ కోసమే కొన్ని ఆల్బమ్‌లు చేశారు. 34 డిస్కుల పెట్టెలో ఎనిమిది ఆల్బమ్‌లు అంతకుముందు జపాన్ బయట రానివే. వాటిలో ‘ది పియానో’ (1979) తప్పక వినండి. ఒంటరి పియానో, డైరెక్ట్ టు డిస్క్ పద్ధతి. టేపు ఉండదు, వాయిస్తుండగానే లక్కర్ డిస్కు మీద గాడి కోస్తారు. ఒక పక్కకు సరిపడా పాటలన్నీ ఆపకుండా వాయించాలి. ఒక్క తప్పు దొర్లితే ఆ పక్క మొత్తం మళ్లీ మొదటినుంచి, అతుకు పెట్టే వీల్లేదు. ఒక పక్క ‘మై ఫన్నీ వాలెంటైన్’ లాంటి పాతవి, రెండో పక్క ఆయన సొంతవి. ‘డెడికేషన్’లోని ‘నోబు’ ఇంకో చివర: 1974లోనే సింథ్ వరస తనంతట తాను తిరుగుతుంటే దాని మీద ఎలక్ట్రిక్ పియానో. తర్వాతి తరం టెక్నో వినేవాళ్లు దాన్ని ఎందుకు నెత్తిన పెట్టుకున్నారో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

1978–82 మధ్య పాప్, డిస్కో ఆల్బమ్‌లకు ఎక్కువ సమయం ఇవ్వనక్కర్లేదు. ‘సన్‌లైట్’లో వోకోడర్ వినండి: ఆయన మాట ఆకారాన్ని సెన్‌హైజర్ యంత్రం సింథ్ స్వరం మీదికి ఎక్కిస్తుంది, శ్రుతి కీబోర్డు నుంచి వస్తుంది, అందుకే గొంతు ఎప్పుడూ తప్పదు. అది వినోదంగా ఉంటుంది. ‘ఫీట్స్ డోంట్ ఫెయిల్ మీ నౌ’, ‘లైట్ మీ అప్’ పూర్తిగా వింటే తప్ప కుదరదనేవాళ్లు తక్కువ. సంకలనంలో ఒక పాట ఉంటే చాలు. 1983 ‘ఫ్యూచర్ షాక్’ మాత్రం వేరే కథ. బిల్ లాస్వెల్, మైకేల్ బైన్‌హార్న్‌ల నిర్మాణం, డి.ఎస్.టి. అనే డీజే స్క్రాచింగ్ (రికార్డు గీకడం), డానియెల్ పోన్సే బాటా డ్రమ్స్ కలిసి, హిప్ హాప్ టర్న్‌టేబుల్‌ను వాద్యంగా ప్రపంచానికి వినిపించిన రికార్డుల్లో అదొకటి.

1990ల తర్వాతి వాటిలో ‘ది న్యూ స్టాండర్డ్’ (1996), వేన్ షార్టర్‌తో ఇద్దరే చేసిన ‘1+1’ (1997), ‘గెర్ష్విన్స్ వరల్డ్’ (1998) మొదట వినండి. 2006 సెట్ సహజంగానే ఆ తర్వాతివి చూపలేదు. అంటే 2008లో గ్రామీ ‘ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్’ గెలిచిన ‘రివర్: ది జోనీ లెటర్స్’ (2007) అందులో ఉండదు. 2010 ‘ది ఇమేజిన్ ప్రాజెక్ట్’ కూడా ఉండదు. అందులోని ‘ది సాంగ్ గోస్ ఆన్’ మనవాళ్లు వెతికి వినాలి. చాకా ఖాన్, అనూష్క శంకర్, వేన్ షార్టర్‌లతో పాటు మన చిత్రగారి గొంతు అందులో ఉంది. ఆల్బమ్ మొత్తం సమానంగా లేదు గానీ ఆ పాట కోసం తెరవొచ్చు.

సైడ్‌మన్‌గా, అంటే ఇతరుల రికార్డుల్లో వాద్యకారుడిగా, చేసినవి ఏ సెట్‌లోనూ పూర్తిగా దొరకవు కాబట్టి రెండు మూడు పేర్లు రాసుకోండి. వేన్ షార్టర్ ‘స్పీక్ నో ఈవిల్’, ఫ్రెడ్డీ హబ్బర్డ్ ‘రెడ్ క్లే’, స్టీవీ వండర్ ‘సాంగ్స్ ఇన్ ద కీ ఆఫ్ లైఫ్’లో ‘యాజ్’. మూడోదాంట్లో ఫెండర్ రోడ్స్ ఆయనదే.

వినే పరికరం గురించి. ‘హెడ్ హంటర్స్’ ఫోన్ స్పీకర్ మీద విని తీర్పు చెప్పొద్దు, ఒడిస్సీ బేస్ దానికి అందదు, అది లేకపోతే పాటకు పునాదే లేదు. మామూలు వైర్ ఇయర్‌ఫోన్లు కూడా నయం. సంకలనంలో 1960ల పాట తర్వాత 1980ల పాట రాగానే శబ్దం ఎగిరిపడుతుంటే యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ ఆన్ చేయండి. పూర్తి ఆల్బమ్ వినేటప్పుడు తీసేయొచ్చు. వాన్ గెల్డర్ రికార్డింగుల్లో పియానో కాస్త మూసుకుపోయినట్టు వినిపించడం మీ హెడ్‌ఫోన్ తప్పు కాదు, ఆ స్టూడియో పియానో శబ్దం మీద ఆ ఫిర్యాదు పాతదే. చిక్ కొరియాతో జంట పియానోల ఆల్బమ్‌లు మాత్రం తప్పనిసరిగా హెడ్‌ఫోన్‌తో వినండి. ఒకరు ఎడమ, ఒకరు కుడి. మోనో స్పీకర్‌లో ఇద్దరూ కలిసి ముద్దయిపోతారు.

ఇదంతా ఎక్కువనిపించి ఒక్క రాత్రిలో తేల్చుకోవాలంటే, సంకలనం కానిది ఒకటుంది, సంకలనం పని దానికన్నా బాగా చేస్తుంది: 1977లో వచ్చిన రెండు ఎల్పీల ‘వి.ఎస్.ఓ.పి.’. 1976 జూన్ 29న న్యూయార్క్‌లో, న్యూపోర్ట్ ఉత్సవంలో ఆయన తన అప్పటిదాకా పనిని వేదిక మీదే వెనక్కి తిరిగి చూపించారు. మొదట మైల్స్ క్వింటెట్, అందులో మైల్స్ బదులు ఫ్రెడ్డీ హబ్బర్డ్. తర్వాత మ్వాండిషి బృందం. చివర వా వా వాట్సన్, రే పార్కర్ గిటార్లతో ఫంక్ బృందం. బృందాలు మారుతున్నా కీబోర్డు దగ్గర మనిషి మారడు. మొదటి భాగంలో ఆయన వాయించింది మామూలు గ్రాండ్ పియానో కాదు, యమహా ఎలక్ట్రిక్ గ్రాండ్. తీగ మోగినట్టు కాస్త పదునుగా ఉంటుంది, మొదటి పది నిమిషాలు చెవికి అడ్డం పడొచ్చు. కొనేటప్పుడు పేరు సరిచూసుకోండి: ‘వి.ఎస్.ఓ.పి.: ది క్వింటెట్’, ‘టెంపెస్ట్ ఇన్ ది కొలోసియం’, ‘లైవ్ అండర్ ది స్కై’ అన్నవి అదే క్వింటెట్ తర్వాత చేసిన వేరే కచేరీలు, వాటిలో మిగతా రెండు బృందాలూ ఉండవు. అట్ట మీద ‘టాయ్స్’, ‘హ్యాంగ్ అప్ యువర్ హ్యాంగ్ అప్స్’ రెండూ కనిపిస్తే మీకు కావాల్సింది అదే.